పేరు లేని పటము

(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున తల్లిదండ్రుల సభయందు ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగము)



ఏటేట ఈ వేదికపై నుండి నేను చెప్పు మాటలు మీకు కంఠస్థమై యుండును. ఉత్తీర్ణుల సంఖ్య, హాజరు, ఫీజు బకాయిలు, ఇంటివద్ద పిల్లలచే తెలుగు చదివింపుడను విన్నపము, ఇవియే గదా! ఈ ఏడు వానిని కార్యదర్శిగారి నివేదికకు విడిచి, వేరొక విషయమును ముచ్చటింపదలచితిని. అది విద్యార్థులకును యువ ఆర్కిటెక్టులకును ప్రపంచమంతట జరుగుచుండు భవన రూపకల్పన పోటీలను గూర్చినది. మన పిల్లలకును దానికిని ఏమి సంబంధమని మీరడుగవచ్చును. ఆ సంబంధమును చూపుటయే నా ఉద్దేశము.

మొదట నేనొక తప్పు ఒప్పుకొనవలసియున్నది. దసరా సెలవుల పిదప ఒక తండ్రి నా గదికి వచ్చెను. ఆయన అనంతపురము జిల్లా నుండి ఈ నగరమునకు వచ్చి ఇరువది ఏండ్లుగా మేస్త్రీ పని చేయుచున్నవాడు. కుమారుని లెక్కల పుస్తకమును నా బల్లపై పెట్టి, "సార్, వీడు లెక్కల బుక్కు ఎనకాల అంతా ఇండ్ల బొమ్మలు గీస్తాండాడు. నేను చెప్తే ఇనడు. మీరన్నా గట్టిగా చెప్పండి సార్" అనెను. నేను ఆ బాలుని పిలిపించి గట్టిగానే చెప్పితిని. "బొమ్మలు కూడు పెట్టవురా" అంటిని. తండ్రి సంతోషించి వెళ్ళెను. నేనును నా కర్తవ్యము నెరవేర్చితిననుకొంటిని.

పుస్తకము మాత్రము నా బల్లపైనే ఉండిపోయెను. మరునాడు తీరికవేళ దానిని తిరుగవేసి చూచితిని. అవి బొమ్మలు కావు. ఇంటిని అడ్డముగా కోసి పైనుండి చూచినట్లు గీసిన ప్లానులు. ఏ తలుపు ఏ వైపునకు తెరచుకొనునో వంపు గీతతో చూపియుండెను. మెట్లు ఎన్నియో లెక్కపెట్టియుండెను. ఒక పుటలో ఇరువది అడుగుల వెడల్పు, ముప్పది అడుగుల పొడవు గల సైటులో నాలుగు కుటుంబములకు నాలుగు వాటాలు గీసి, నడుమ గాలి వెలుతురుల కొరకు చిన్న ఖాళీ విడిచి, అందులో "అవ్వ కూర్చునే చోటు" అని వ్రాసియుండెను. బెంగుళూరులో అద్దె ఇండ్లలో కాపురముండు మనకందరకు ఆ ఖాళీ విలువ ఎంతటిదో తెలియును. నేను గద్దించినది ఈ పనినా అని నాకు సిగ్గు కలిగెను. పుస్తకము తిరిగి ఇచ్చివేసితిని. కాని ఆ నాటినుండి అందు ఒక్క గీతయు పడలేదు. ఈ విషయమును గూర్చి నేను చదువ మొదలిడుటకు కారణమిదియే.

ఆర్కిటెక్టు అనగానే మనవారికి వాస్తు చూచువారు జ్ఞాపకమునకు వత్తురు. నేను చెప్పునది తూర్పు వాకిలి సంగతి కాదు. భవనము ఎట్లుండవలెనో, అందులో మనుజులు ఎట్లు మసలవలెనో ముందుగా ఆలోచించి గీయు వృత్తిని గూర్చి చెప్పుచున్నాను. ఒక గొప్ప భవనమును నిర్మింపదలచినవారు తమకు తెలిసిన ఆర్కిటెక్టునకు పని అప్పగింపవచ్చును. లేదా, "మా అవసరములివి, స్థలమిది, ప్లాను గీసి పంపుడు" అని ప్రకటింపవచ్చును. ఈ రెండవ పద్ధతియే పోటీ. అందరకు తెరచియుంచినది బహిరంగ పోటీ. కొందరిని మాత్రమే పిలిచినది ఆహ్వానిత పోటీ. కొన్ని పోటీలు నిజముగా కట్టుటకే జరుగును. మరికొన్ని కేవలము క్రొత్త ఆలోచనల కొరకు జరుగును. విద్యార్థుల పోటీలలో పెక్కు ఈ చివరి తెగకు చెందినవి.

ఈ పోటీల నియమములకు మన దేశముతో ఒక సంబంధము కలదు. 1956లో యునెస్కో మహాసభ న్యూఢిల్లీలో జరిగినపుడు, ఆర్కిటెక్చరు, నగర నిర్మాణములలో అంతర్జాతీయ పోటీలు ఎట్లు జరుపవలెనో సభ్య దేశములకొక సిఫారసు ఆమోదింపబడెను. అందలి నియమములలో మనము గుర్తుంచుకొనదగినది ఒకటి: పటమును పంపినవాని పేరు న్యాయనిర్ణేతలకు తెలియరాదు. పటముపై పేరుండదు, గుర్తు సంఖ్య యుండును. నిర్ణయము ముగిసిన పిమ్మటనే పేరు బయటపడవలెను.

ఈ నియమము విలువను మనకంటె బాగుగా ఎరుగగలవారెవరు? "మీదే ఊరు? ఇంటిలో ఏ భాష? చదివినది ఏ మీడియము?" అను ప్రశ్నలను మన పిల్లలు ఎన్ని తావుల ఎదుర్కొనుచున్నారో మీకు నేను చెప్పనక్కరలేదు. పేరు లేని పటమును ఆ ప్రశ్నలడుగుటకు వీలులేదు.

దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ అమెరికాలో కలదు. వియత్నాం యుద్ధమున మరణించిన సైనికుల కొరకు వాషింగ్టన్ నగరమున స్మారకము నిర్మించుటకై బహిరంగ పోటీ జరిగెను. 1,421 పటములు వచ్చెను. వానిని ఒక విమానపు షెడ్డులో వరుసగా నిలిపి ఎనిమిదిమంది న్యాయనిర్ణేతలు పరిశీలించిరి. 1981లో వారు ఎన్నుకొన్నది 1026వ సంఖ్య గల పటము. దానిని పంపినది మాయా లిన్ అను ఇరువది యొక్క ఏండ్ల యువతి. యేల్ విశ్వవిద్యాలయమున అప్పటికింకను విద్యార్థిని. తరగతిలో ఆ పనికే ఆమెకు లభించినది "బి" గ్రేడు! ఆమె తల్లిదండ్రులు చైనా నుండి వలసవచ్చినవారు. పేరు బయటపడిన పిమ్మట, ఆసియా వంశీయురాలి చేతిపని యని కొందరు ఆక్షేపించిరి. పటముపై తన పేరే యుండియుండినచో తాను ఎన్నిక కాగలిగెడిదాననా అని ఆమెయే తరువాత ప్రశ్నించుకొనెను. అయినను 1982 నవంబరులో స్మారకము ప్రారంభమాయెను. నేలలోనికి దిగు నల్లరాతి గోడపై ఏబదియేడువేలకు పైగా పేర్లు చెక్కియుండెను. నేడు తమ బిడ్డల పేరును వ్రేళ్ళతో తడవి కన్నీరు విడుచుటకు జనులు అక్కడకు పోవుచున్నారు.

ఈ కథలో మరి రెండు సంగతులు కలవు. మొదటిది, ఆమె పటములు మెత్తని రంగుసుద్దలతో గీసిన సామాన్యమైన పటములు. వానితో కూడ ఆమె చేతితో వ్రాసిన వివరణమొకటి కలదు. ఆ గోడ వద్దకు నడచివచ్చు మనుజునకు ఏమి కనబడునో, ఏమి తోచునో అందు వ్రాసెను. పటము చెప్పలేనిదానిని మాట చెప్పెను. రెండవది, ఆమె తండ్రి మట్టిపాత్రలు చేయు కళాకారుడు, తల్లి కవయిత్రి. తండ్రి నుండి చేతిపనియు, తల్లి నుండి మాటయు ఆమెకు అబ్బినవనుటలో వింత లేదు.

అట్టిదే మరియొక ఉదాహరణము ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరపు ఒపేరా హౌసు. తెల్లని తెరచాపల వలె సముద్రపు ఒడ్డున నిలిచిన ఆ భవనమును మీలో చాలమంది చిత్రములలో చూచియుందురు. దానికై జరిగిన అంతర్జాతీయ పోటీకి 233 పటములు వచ్చెను. 1957 జనవరిలో బహుమానము పొందినవాడు యోర్న్ ఉట్జోన్ అను డెన్మార్కు దేశీయుడు. వయస్సు ముప్పది యెనిమిది. అతడు అంతవరకు సిడ్నీని కన్నులార చూచినవాడు కాడు. నావికులు వాడు పటములను తెప్పించుకొని స్థలమును గ్రహించెను. అతని తండ్రి ఓడల నమూనాలు గీయు ఇంజనీరు. బాల్యమున ఆ కుర్రవాడు ఓడల కార్ఖానాలో పెద్ద పెద్ద ఓడల పొట్టలు వంపులు తిరుగుచు తయారగుటను చూచుచు పెరిగెను. తండ్రి పనిచోట చూచిన వంపులు కొడుకు గీతలో ఉండుట సహజమే కదా!

మేస్త్రీ పని చేయు తండ్రులారా, వడ్రంగులారా, సెంట్రింగు పనివారలారా, ఈ మాట మీకొరకు చెప్పుచున్నాను. మూలమట్టము, రసమట్టము, గుండు దారము మీ ఇంటి వస్తువులు. గోడ నిలువు తప్పినదో లేదో కంటిచూపుతో చెప్పగలరు. కాలేజీలో మొదటి సంవత్సరమున ఎంతో శ్రమపడి నేర్చుకొను సంగతులు మీ బిడ్డలకు అన్నము తినునంత సులభముగా అలవడుచున్నవి. "నా పని నా కొడుకుకు వద్దు" అని మీరనుటలో గల బాధ నాకు తెలియును. ఎండలో ఇటుకలు మోయుట వద్దనుడు, తప్పు లేదు. కాని ఆ పనిలోని జ్ఞానమును కూడ వద్దనకుడు.

ఇక మాతృభాష సంగతి. 2010 జులై 15వ తేదీన మన రూపాయికి క్రొత్త చిహ్నమును భారత ప్రభుత్వము ఆమోదించెను. అదియు బహిరంగ పోటీ ద్వారా వచ్చినదే. మూడువేలకు మించి నమూనాలు వచ్చెను. ఎన్నికైనది డి. ఉదయకుమార్ గీసినది. ఆయన చెన్నైలో ఆర్కిటెక్చరు చదివి, అప్పటికి బొంబాయి ఐ.ఐ.టి.లో పరిశోధన చేయుచున్న విద్యార్థి. పరిశోధించినది ఏ విషయమును? తన మాతృభాషయైన తమిళ లిపి అక్షరముల రూపమును! అక్షరములోని గీతను అంత శ్రద్ధగా చూచినవాడు గనుక, దేవనాగరి "ర"ను, రోమను "ఆర్"ను ఒక్క గుర్తులో ఇముడ్చగలిగెను. మాతృభాషలో చదివిన చదువు వెనుకకు లాగునని భయపడు వారికి, నేడు మీ జేబులోని ప్రతి నోటును సమాధానము చెప్పుచున్నది.

ఇంతవరకు వెలుగు వైపు చూపితిని. చీకటి వైపును చూపనిచో నేను ఉపాధ్యాయుడను కాను.

గెలిచిన పటమెల్ల భవనము కాదు. మన ఆంధ్ర రాజధాని అమరావతి సంగతియే చూడుడు. ప్రభుత్వ భవనముల రూపకల్పనకై జరిగిన ఆహ్వానిత పోటీలో మూడు సంస్థలు పాల్గొనెను. 2016 మార్చిలో జపాను దేశపు ఫుమిహికో మాకీ సంస్థ ఎన్నికయ్యెను. కాని ఆ నమూనా నిర్మాణమునకు నోచుకొనలేదు. తరువాత ఆ పని ఇంగ్లండు దేశపు నార్మన్ ఫోస్టర్ సంస్థకు పోయెను. 2019 తరువాత రాజధాని పనులే నిలిచిపోయి, 2024 తరువాత మరల సాగినవి. అంతటి పేరుగన్న వృద్ధుని సంస్థకే అట్లు జరిగినపుడు పిల్లల మాట చెప్పవలెనా? సిడ్నీలో సైతము ప్రభుత్వముతో వివాదము పెరిగి 1966లో ఉట్జోన్ ఆ పనిని విడిచి వెడలిపోయెను. 1973లో భవనము ప్రారంభమైనపుడు అతడచట లేడు. పూర్తియైన తన భవనమును అతడు జీవితాంతము కన్నులార చూడలేదు.

అట్లని అన్నియు కాగితముపైనే మిగులునని కాదు. మన బెంగుళూరులోనే శేషాద్రి రోడ్డు దగ్గర ఫ్రీడం పార్కు కలదు. అది పూర్వము సెంట్రల్ జైలు. అత్యవసర పరిస్థితి కాలమున దేశ నాయకులను బంధించిన చోటు. జైలు అక్కడినుండి తరలిపోయిన పిదప ఆ స్థలమును ఏమి చేయవలెనని పోటీ జరుపగా, ఈ నగరపు ఆర్కిటెక్టులైన మాథ్యూ, ఘోష్ గారల సంస్థ ఆలోచన ఎన్నికయ్యెను. పాత గోడలను, కావలి గోపురమును పూర్తిగా కూల్చక, వానినే ఉద్యానవనముగా మలచిరి. 2008 నుండి ప్రజలు అక్కడ తిరుగుచున్నారు, సభలు జరుపుచున్నారు. వచ్చు ఆదివారము పిల్లలను తీసికొని వెళ్ళి చూపుడు. జైలును తోటగా చేయవచ్చునను ఆలోచన ఎవరికో ఒకరికి కాగితముపై మొదట తోచినదని చెప్పుడు.

పోటీలో గెలుపు అరుదు, ఓటమి సామాన్యము. 1,421 మందిలో గెలిచినది ఒక్కతె. తక్కిన 1,420 మంది శ్రమ వ్యర్థమా? కాదు. గడువులోపల పని ముగించుట, తన ఆలోచనను పరులకు తెలియునట్లు చెప్పుట, ఓడిన పటమును గెలిచిన పటముతో పోల్చి చూచుకొనుట, ఇవి వారికి మిగులును. 1922లో చికాగో పత్రికాలయము కొరకు జరిగిన పోటీలో ఫిన్లాండు దేశీయుడు ఎలియెల్ సారినెన్ పొందినది రెండవ బహుమానమే. ఆ రెండవ బహుమానమే ఆయనను కుటుంబముతో అమెరికా చేర్చెను. పాతికేండ్లకు సెయింట్ లూయీ నగరపు స్మారకమునకై జరిగిన పోటీలో తండ్రియు, కుమారుడు ఈరోయును వేరు వేరుగా పటములు పంపిరి. తుదిపోటీకి ఎన్నికైనట్లు తండ్రి పేర తంతి వచ్చెను. ఇంటిల్లిపాది సంబరపడిరి. కొన్ని గంటలకు తెలిసినది, అది పొరపాటున తండ్రి పేర వచ్చినదనియు, ఎన్నికైనది కుమారుని పటమనియు! సంబరము మరల జరిగెను. 1948లో కుమారుడే గెలిచెను. కుమారునిచే ఓడింపబడుట తండ్రికి ఎంతటి గౌరవమో మీకు వేరుగ చెప్పవలెనా?

మరియొక హెచ్చరిక. నేడు పోటీల పేరిట ప్రవేశ రుసుము వసూలు చేసి, పాల్గొన్న ప్రతివానికి ఒక ధ్రువపత్రము పంపి చేతులు దులుపుకొను వారును కలరు. రుసుము కట్టుటకు ముందు నాలుగు సంగతులు విచారింపవలెను: జరుపువారెవరు? న్యాయనిర్ణేతల పేర్లు ముందుగా ప్రకటించిరా? బహుమానమెంతయో స్పష్టముగా చెప్పిరా? గీసిన పటముపై హక్కు గీసినవానికే ఉండునా? ఈ నాలుగింటికి సమాధానము లేనిచో ఆ రూపాయలు పిల్లల కాగితములకు, పెన్సిళ్ళకు వెచ్చించుట మేలు.

ఇక మన పిల్లలకు దారి ఎట్టిదో చెప్పెదను. ఆర్కిటెక్టు అను పేరు పెట్టుకొని వృత్తి చేయుటకు 1972 నాటి చట్టము ప్రకారము ఆర్కిటెక్చరు కౌన్సిలులో నమోదు కావలెను. దానికి అయిదేండ్ల పట్టము కావలెను. ఇంటర్మీడియట్టున గణితము తప్పనిసరి. కావున బొమ్మ గీయువానికి లెక్కలు శత్రువులు కావు. ఆ బాలుడు లెక్కల పుస్తకము వెనుక ప్లాను గీయుట ఒక విధముగ సరియైన చోటనే జరిగినది! ప్రవేశమునకు నాటా పరీక్షయు, జె.ఇ.ఇ. రెండవ పత్రమును కలవు. జె.ఇ.ఇ. మెయిన్ పరీక్షను 2021 నుండి తెలుగు మొదలైన 13 భాషలలో జరుపుచున్నారు. విజయవాడలో 2008లో స్థాపింపబడిన కేంద్ర ప్రభుత్వ విద్యాలయము కలదు. బెంగుళూరులో కాలేజీలు అనేకము. కాలేజీలో చేరిన పిమ్మట 1957లో ఏర్పడిన జాతీయ విద్యార్థి సంఘము నడపు పోటీలు కలవు. దేశ దేశముల కాలేజీలు తమ ఉత్తమ తుది ప్రాజెక్టును పంపు ఆర్కిప్రిక్స్ అను పోటీ కలదు. దాని 2017 నాటి సభ మన అహమ్మదాబాదులోనే జరిగెను. ఈ చదువునకు ఖర్చు తక్కువ కాదు, ఏండ్లును ఎక్కువ. కావున ప్రతి బిడ్డను అటు త్రోయుడని నేను చెప్పుటలేదు. చేతిలో గీత యున్న బిడ్డను గుర్తింపుడని మాత్రమే చెప్పుచున్నాను.

అంతర్జాతీయ పోటీల ప్రకటనలు పెక్కు ఇంగ్లీషులో ఉండును. కావున ఇంగ్లీషు నేర్వవలసినదే. మా పాఠశాల అందు వెనుకకు పోదు. కాని వివరణ వ్రాయుటకు ముందు ఆలోచన కలుగవలెను. "అవ్వ కూర్చునే చోటు" అను మూడు మాటలు ఆ బాలునకు తెలుగులోనే తోచినవి. ఆలోచన తన భాషలో పుట్టిన పిమ్మట దానిని వేరు భాషలోనికి మార్చుట నేర్పవచ్చును. పుట్టని ఆలోచనను ఏ భాషలోనికి మార్చగలము?

తుదకు, నా వంతు నేను చెప్పి, మీ వంతు మిమ్ము అడిగెదను. ఇంతకాలము పరీక్షలు దగ్గరపడగానే డ్రాయింగు పిరియడును లెక్కలకో, సైన్సుకో ఇచ్చివేయు ఆచారము మన పాఠశాలలో నడచినది. ఆ ఉత్తరువులపై సంతకము నాదే. వచ్చు విద్యా సంవత్సరము మొదలు అట్లు జరుగదు. వారమునకు రెండు పిరియడులు డ్రాయింగునకే యుండును. ఏడాదికొకమారు పిల్లలకు ఒక పోటీ పెట్టెదము. అందు పటముపై పేరుండదు, సంఖ్య మాత్రమే యుండును. తీర్పు చెప్పువారిలో పిల్లలకు పాఠము చెప్పు మేము ఎవ్వరమును ఉండము. మొదటి సంవత్సరపు విషయము: "మా వీధిలో ముసలివారు కూర్చొనుటకు ఒక చోటు."

మీరు చేయవలసినది స్వల్పము. సెలవు దినమున బిడ్డను ఒకమారు మీ పనిచోటికి తీసికొనిపోవుడు. పని చేయించుటకు కాదు, చూపుటకు. నోటుపుస్తకము వెనుక గీతలు కనబడినపుడు కొట్టకుడు, ఇదేమని అడుగుడు. వాడు చెప్పునది ఓపికతో వినుడు. నచ్చకున్నచో ఎందుకు నచ్చలేదో చెప్పుడు. మీకంటె మంచి న్యాయనిర్ణేతలు వానికి ఇప్పుడు లేరు.

ఆ బాలుని నేను మరల పిలిపించితిని. "నేను తొందరపడితిని, నీవు గీయుము" అని చెప్పి, చదరపు గళ్ళ పుస్తకమొకటి చేతికిచ్చితిని. "సరే సార్" అని తీసికొనెను. ఇంతవరకు అందు ఏమి గీసినాడో నాకు చూపలేదు. నేను అడుగలేదు. గద్దించుట ఒక నిముసపు పని. ఆ నిముసమును మాపుటకు ఎన్ని నెలలు పట్టునో తెలియదు. నాకు పట్టిన ఈ ఆలస్యము మీకు పట్టకుండవలెననియే ఇంతసేపు మిమ్ములను కూర్చుండబెట్టితిని.